మా తోటికోడలు పెంచిన అడవి

నేను జంషెడ్‌పూర్ ప్రయాణం కట్టింది ఊరు చూడడానికి కాదు, ఉక్కు కార్ఖానా చూడడానికి అంతకన్నా కాదు. మా తోటికోడలు గౌరి నిజంగా అడవి పెంచిందో లేదో కళ్ళారా చూసి, లేదని తేల్చుకుని రావడానికి. 1963 చలికాలమంతా మా అత్తగారు చిన్నకొడుకు దగ్గర గడిపి విజయనగరం తిరిగొచ్చారు. వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట. "బూడిద దిబ్బ మీద అడవి లేపింది గదే మా గౌరి! కోయిలలొత్తన్నాయి, ఉడతలొత్తన్నాయి. నువ్వూ పెట్టినావు సంగం..." అని అక్కడ ఆపేసేవారు. ఆ ఆపడమే నన్ను కాల్చేది.

ఎందుకు కాల్చేదో చెప్పాలి. మా వీధి వెనక ఒక బోడికొండ ఉంది. కొన్నేళ్ళ కిందట వనమహోత్సవం నాడు మా మహిళా సంఘం తరఫున, ఉపాధ్యక్షురాలి హోదాలో, నేనే ముందు నిలబడి దాని మీద మొక్కలు నాటించాను. అధికారులొచ్చారు, దండలు పడ్డాయి, ఫోటో తీశారు. ఫోటో ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. మొక్కల్లో ఒక్కటీ మరుసటి వేసవి చూడలేదు. ఇక గౌరి సంగతంటారా, కాపరానికొచ్చిన కొత్తలో పొయ్యి మీద ఎసరు పెట్టి పక్కింటి గోడ దగ్గర కబుర్లలో పడిపోయే మనిషి. మొదలుపెట్టిన పని ముగించగా నేను చూడలేదు. ఆ గౌరి చెట్లు పెంచిందంటే నమ్మలేకపోయాను. నమ్మితే ఇంకా కష్టమని కూడా లోపల తెలుస్తూనే ఉంది.

హోళీ మూడు రోజులుందనగా, సాయంత్రం హౌరా వెళ్ళే మెయిల్లో మావారు నన్ను ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోబెట్టారు. మూడో తరగతి టిక్కెట్టు టాటానగర్ దాకా ఇరవై రూపాయల లోపే. అత్తగారు చిన్నకోడలికని ఆవకాయ జాడీ, బెల్లం దిమ్మలు గడ్డిలో సర్ది ఒక మామిడిచెక్క పెట్టెకి మేకులు కొట్టించి పంపారు. ఖరగ్‌పూర్‌లో ఉదయాన్నే బండి మారాలి. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు ఆ స్టేషన్ పేరు చెప్పి భయపడనక్కర్లేదు. రైల్వే ఉద్యోగాల కోసం మనవాళ్ళు అక్కడ ఎంతమంది స్థిరపడ్డారంటే, పెట్టె ఎత్తుకున్న కూలీయే "ఎక్కడికెల్తన్నారమ్మా? టాటాయా? ఇటు రండి" అన్నాడు. ఆకుదొన్నెలో పూరీలు, పసుపు లేని బంగాళాదుంప కూర తిని, చక్రధర్‌పూర్ వైపు వెళ్ళే బండి ఎక్కాను. ఝాడ్‌గ్రామ్ దాటాక ఎర్రనేల మొదలవుతుంది. ఘాట్‌శిల దగ్గర కిటికీకి రెండు వైపులా గుగ్గిలం చెట్లు, మధ్య మధ్య ఆకు లేకుండా ఎర్రగా పూసిన మోదుగలు. ఆ అడవిని చూసి నాకేమీ అనిపించలేదు. దాన్ని ఎవరూ పెంచలేదు కదా.

టాటానగర్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. మరిది సూర్నారాయణకి పగటి షిఫ్టు కాబట్టి స్టేషనుకి రాలేనని ముందే చెప్పాడు. వాళ్ళ కాలనీ ఉన్న బారిడీహ్‌కి రూపాయిన్నరకి రిక్షా కుదుర్చుకున్నాను. జుగ్సలాయి గోడౌన్ల వైపు వెళ్ళే ఎడ్లబళ్ళ వరస తప్పించుకుని తూర్పుకి తిరిగాం. కార్ఖానా పొగగొట్టాలు ఎటు తిరిగినా మనతోనే వస్తాయి. చెంగుతో ముక్కు మూసుకున్నాను. గంట పైనే పట్టింది. కాలనీ దగ్గర పడ్డాక రిక్షావాడు ఏ లైను అని అడిగాడు. ఆ ఊళ్ళో క్వార్టర్ల వరసని లైను అంటారు. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో మరిది పేరూ, ఊరూ చెప్పబోతుంటే, వాడే వెనక్కి తిరిగి నవ్వాడు.

"మద్రాసీ బహూ కా జంగల్? వహీ లైన్?"

మద్రాసీ కోడలి అడవి ఉన్న లైనేనా అంటున్నాడు. జంగల్ అన్న మాటకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. "జంగల్ హై?" అని అడిగాను, లేదంటాడేమోనన్న ఆశతో.

"హై, హై! ఎండలో మేమందరం రిక్షాలు ఆపుకునేది అక్కడే" అని హిందీలో చెప్పి, చల్లదనం గుర్తొచ్చినట్టు ఇంకాస్త గట్టిగా తొక్కాడు. స్టేషన్ రిక్షావాడికి కూడా తెలిసిపోయిన అడవి! మా బోడికొండ ఎక్కడుందో మా పోస్టుమాన్‌కే తెలియదు.

దూరం నుంచి చూడగానే మాత్రం ప్రాణం కుదుటపడింది. ఇదా అడవి? రెండు లైన్ల క్వార్టర్ల మధ్య పొడుగాటి జాగా, ఎంత వెడల్పన్నా నాలుగు బళ్ళు పక్కపక్కన పట్టేంత. చుట్టూ ముళ్ళకంప. అమ్మయ్య అనుకుని దిగాను. డబ్బులిచ్చి, పెట్టె దింపించి, నడవడానికి దగ్గరదారి అదేనని కంపలో వదిలిన సందులోంచి దూరి దాని మధ్యలోంచి వెళ్ళాను. పది అడుగులు వేశానో లేదో ఒంటి మీద చెమట చల్లబడింది. ముక్కు మీది చెంగు ఎప్పుడు తీశానో తెలియదు. కాలి కింద ఎండాకు మెత్తగా ఉంది. కానుగ, వేప, నేరేడు, సీతాఫలం, మునగ. తలెత్తితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఒక కొమ్మ మీద నిజంగానే ఉడత ఉంది. అది నన్ను చూసి తోక ఆడించిన తీరు కూడా నాకు నచ్చలేదు.

"ఓలక్కా! వచ్చేసినావేటి!" అంటూ గౌరి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. జుట్టు ముడి సగం ఊడింది. ఏమీ మారలేదు. "బావగారు బాగున్నారా? అత్త దగ్గు తగ్గినాదా? ముందు నీడలోనే కూకో, నీలు తెత్తాను" అంది. తన ఇంట్లో కాదు, తన నీడలో కూర్చోమంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

కాళ్ళు కడుక్కుని టీ తాగాక, ఇది ఎలా చేశావని అడగకూడదని గట్టిగా అనుకుని, మరో నిమిషానికే అడిగేశాను.

గౌరి చెప్పిన కథ ఇది. వాళ్ళు క్వార్టరులో దిగే నాటికే ఆ జాగాలో కొలిమిలో ఇనుము కరిగాక మిగిలే చిట్టెం, ఇటుక ముక్కలు, బొగ్గుమసి గుట్టలుగా పడి ఉన్నాయి. గాలి లేస్తే అన్నంలో బూడిద, ఉయ్యాల్లో బూడిద. దానికి తోడు లైను మధ్య మురుగు నిలిచి దోమలు. గిన్నెలు కడిగిన నీళ్ళు ఎవరి గుమ్మం ముందు పారబోయాలన్న దాని మీద రోజూ ఆడవాళ్ళకి యుద్ధం. ఒకరోజు విసుగొచ్చి గౌరి తన నీళ్ళు తీసుకెళ్ళి ఆ గుట్టల్లో ఒక గుంటలో పోసింది. అక్కడ తనంతట తానే ఒక దిరిశెన మొలక లేచింది. ఆ జాగా ఎవరిదో కనుక్కుని పర్మిషన్ అడిగితే, మీ ఇష్టం అన్నారు. మగవాళ్ళు సెలవు రోజుల్లో చిట్టెం తవ్వి గోతులు తీశారు. వాగు ఒండ్రు, పాలవాళ్ళ పాకల దగ్గరి పేడ మోసి నింపారు. మొదటి ఏడాది వేసినవాటిలో సగం చచ్చిపోయాయి. మళ్ళీ వేశారు.

"సరే, వేశారు. రోజూ నీళ్ళు పోసేది ఎవరు? మా ఊళ్ళో మొదటి వారం అందరూ వచ్చారు. రెండో వారం నేనూ, మా పనిమనిషీ మిగిలాం" అన్నాను.

గౌరి నవ్వింది. "ఇక్కడా అంతే అయినాది. అప్పుడు నానేటి సేసినానంటే, సెట్లు ఇళ్ళకి పంచీసినాను. ఈ నేరేడు మేరీరత్నం టీచరు గారింటిది. ఆ వేప ఒరియా వోళ్ళింటిది. ఏ సెట్టు ఎవులిదో లైనంతటికీ తెలుసు. ఎండిపోతే ఆ ఇంటికే తలొంపు."

"అయితే ప్రేమగా చూసుకుంటారన్నమాట."

"పేమా? ఓలమ్మ! పక్కింటోళ్ళ సెట్టు ఎత్తయిపోతందని ఏడుపక్కా, ఏడుపు! బియ్యం కడిగిన నీలు ఒక్క సుక్క పారబోత్తే ఒట్టు. టీచరమ్మ ఆవులున్న రాయుడు గారింటికెల్లి మరీ పేడ అడిగింది, తన నేరేడు ఎనకబడిపోనాదని."

నేను నవ్వలేదు. ఆ లైనులో వాళ్ళ చేత నీళ్ళు మోయించిన గుణమే, ఆ క్షణాన నా గుండెలో బొగ్గులా రగులుతోంది. నాలో ఇంత ఉన్నా దాంతో ఒక్క మొక్కనీ బతికించుకోలేకపోయాను. గౌరి ఊరందరి ఓర్వలేనితనాన్నీ పోగుచేసి నీళ్ళుగా మార్చింది.

మర్నాడు హోళీ మంట రోజు. పొద్దున్నే కార్ఖానా కూత వినగానే సూర్నారాయణ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు అడవి చూపించే పని సోంబారిది. సోంబారి ఊరి బయట హో గిరిజనుల పల్లె నుంచి పళ్ళపుల్లలు, ఎండుకట్టెలు తెచ్చి అమ్ముకునే మనిషి. గొంతు పెద్దది. మొదట్లో ఆమె ఈ లేత వేపల కొమ్మలు విరిచేసిందట, గౌరితో జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వెళ్ళిందట. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. కింది కొమ్మల పుల్లలూ, రాలిన కట్టెలూ సోంబారివి. బదులుగా మేకలూ, కోతగాళ్ళూ రాకుండా చూడాలి. అప్పట్నుంచి ఆమెను మించిన కాపలా లేదు. తెలుగూ హిందీ కలిపి ఆమె నాకు ఒక్కో చెట్టునీ చూపించింది. అన్నిటికన్నా ఎత్తయినది ఆ మొదటి దిరిశెన. "గౌరీ కా" అంది సోంబారి, చెయ్యి పైకెత్తి. మరి ఎవరిదవుతుంది?

మధ్యాహ్నం భోజనాలయ్యాక గౌరి పిల్లలకి రంగులు, పిచికారీలు కొనడానికి జుగ్సలాయి బజారుకి వెళ్ళింది. నేను చాప తీసుకుని చెట్ల కిందికి చేరాను. కళ్ళు మూతపడుతుండగా మగవాళ్ళ కేకలు వినిపించాయి. అవతలి లైను నుంచి ఏడెనిమిదిమంది వచ్చారు. ముందు తివారీ అనే బుర్రమీసాల మనిషి, భుజాన గొడ్డలి. ఆ పక్క ఊళ్ళలో హోళీ మంటకి ఎక్కడ కట్టె దొరికితే అక్కడ లాగేసుకోవడం ఆనవాయితీ అని నాకప్పటికి తెలియదు. తివారీ తిన్నగా దిరిశెన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మార్చిలో దిరిశెనకి ఆకు ఉండదు. ఎండుకాయలు గాలికి గలగలలాడుతుంటాయి. చూసినవాళ్ళెవరైనా చచ్చిపోయిందనే అనుకుంటారు.

"సూఖ్ గయా" అన్నాడు తివారీ. ఎండిపోయిందట, కొట్టేయవచ్చట.

నిజం చెబుతున్నాను, నేను వెంటనే లేవలేదు. అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు. గౌరి ఇంట లేదు. నాకు భాష రాదు, ఊరు కాదు. నేను అడ్డుపడలేదని ఎవరూ అనరు. అది పడిపోతే అత్తగారు ఏ చెట్టు గురించి చెబుతారు? ఈ ఆలోచన ఎంతసేపు ఉందో నాకు తెలియదు. సోంబారి అరుచుకుంటూ వచ్చి చెట్టుకి వీపు ఆనించి నిలబడేదాకా ఉందని మాత్రం తెలుసు. వాళ్ళలో ఒకడు ఆమెని జబ్బ పట్టుకుని పక్కకి లాగాడు. తివారీ గొడ్డలి ఎత్తి బెరడు మీద ఒక గాటు పెట్టాడు. గాటులోంచి పచ్చటి తడి కనిపించింది.

అది చూశాక నేను కూర్చోలేకపోయాను. ఎలా వెళ్ళానో వెళ్ళి గొడ్డలికీ చెట్టుకీ మధ్య నిలబడ్డాను. "ఎండిపోయిందా? కళ్ళు లేవా? ఇదిగో చూడు, పచ్చిగా ఉంది!" అని తెలుగులోనే అరిచాను. గోటితో బెరడు గీరి వాడి మొహం ముందు పెట్టాను. వాడు నవ్వి, గౌరీ చెట్టయితే గౌరినే అడుగుతాం, మీకెందుకు అన్నట్టు ఏదో అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి నాకు తెలియకుండానే హిందీ వచ్చింది.

"యే మేరా హై! మేరా!"

నాది! ఆ ఊరొచ్చి ఒక రాత్రి గడిచింది. ఆ చెట్టుకి ఒక్క చెంబు నీళ్ళు పోయలేదు. అయినా ఆ మాట అన్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

కేకలకి లైనులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. టీచరమ్మ చీపురుతోనే వచ్చేసింది. ఆడవాళ్ళందరూ తలా ఒక చెట్టు దగ్గర నిలబడ్డారు, ఎవరి చెట్టు దగ్గర వాళ్ళే. అయితే మంట మానుకోమంటే వాళ్ళు ఒప్పుకోరని నాకు అర్థమైంది. పండగ వాళ్ళది, కట్టె కావాలి. "లకడీ చాహియే? ఆవో!" అని తివారీని గౌరి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవకాయ జాడీ, బెల్లం తీసి పక్కన పెట్టి, మా అత్తగారు మేకులు కొట్టించిన పెట్టె గడ్డితో సహా వాడి చేతిలో పెట్టాను. సోంబారి ఆ రోజు తెచ్చిన కట్టెలమోపు మొత్తం కొని ఇచ్చాను. అది చూసి ఒకామె కాలు విరిగిన ముక్కాలిపీట, ఇంకొకామె చిరిగిన చేటలు, పాలవాళ్ళు ఓ గంపెడు పిడకలు తెచ్చారు. కుప్ప పెరిగేకొద్దీ తివారీ మొహం విచ్చుకుంది. చివరికి నాకు దణ్ణం పెట్టి, కుప్ప ఎత్తుకుని పాటలు పాడుకుంటూ వెళ్ళిపోయారు. సోంబారి చెట్టు గాటుకి పేడ, మన్ను కలిపి పూసింది.

దీపాలు పెట్టే వేళకి గౌరి వచ్చింది. లైనంతా ఆమె చుట్టూ మూగింది. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. "మీ అక్క అచ్చం నీలాగే! అదే గొంతు, అదే మొండితనం! నీ దగ్గరే నేర్చుకుంది" అంటోంది టీచరమ్మ. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకుంటారమ్మా? పెట్టె నాది, గొంతు నాది, పేరు గౌరిది! ఆ రాత్రి భోజనం దగ్గర నేను మొహం ముడుచుకునే కూర్చున్నాను. సూర్నారాయణ "వదినా, ఇంకొంచెం పప్పు" అంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

తిరుగు ప్రయాణం ముందు రోజు గౌరి నన్ను చివరి వరస దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక గొయ్యి తవ్వి ఉంది, పక్కనే గోనెగుడ్డలో కానుగ మొక్క. "ఇది విజీనారం సెట్టు. నీ పేరు పెట్టీసినాం. టీచరమ్మా వోళ్ళు నీలు పోత్తారు, నువ్వేటీ బెంగెట్టుకోకు" అంది. మొక్కకి మట్టి వేస్తూ నా కన్ను పక్కదాని మీదికి పోయింది. అది మోకాలెత్తు పెరిగిన మరో కానుగ.

"అదెవరిది?"

"మాదే అక్కా. పోయినేడు ఏసినాం, రెండోది."

"దానికి ఎన్ని చెంబులు పోస్తున్నారు?" అని అడిగాను. గౌరి నా వైపు చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చాక నేను సంఘాన్ని సమావేశపరచలేదు. తిన్నగా బోడికొండ మీద మేకలు తోలే నారాయణమ్మ ఇంటికి వెళ్ళి, ఏ పక్క వదిలేస్తావు, ఏ పక్క నీకు కావాలి అని అడిగాను. ఆమె ఒక పూట ఆలోచించి ఉత్తరపు వాలు వదిలింది, కోసిన గడ్డి తనకే కావాలంది. మా వీధిలో పదకొండు ఇళ్ళ వాళ్ళు తలా రెండేసి మొక్కలు తీసుకున్నారు. ఒక వానాకాలం గడిచింది. ఎన్ని నిలుస్తాయో వచ్చే వేసవి చెబుతుంది. ఎదురింటి వాళ్ళ వేప మాత్రం మాదాని కన్నా రెండాకులు ఎక్కువే వేసింది. పొద్దున లేవగానే నేను చూసేది దాన్నే.

అసూయ మంచిదని నేననను. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది నన్ను కుదురుగా అన్నం తిననివ్వలేదు, గొడ్డలి చూసి కూడా కాసేపు లేవనివ్వలేదు. అయితే పక్కవాళ్ళ పచ్చదనం చూసి కళ్ళు మండినప్పుడు, ఆ మంటతో ఏం చేస్తామన్నది మన చేతిలోనే ఉందని అక్కడ చూశాను. గౌరి నాకన్నా మంచిదని నాకిప్పటికీ అనిపించదు. నాకన్నా ముందు మొదలుపెట్టింది, అంతే. ఆ "ముందు" అన్నది మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.

బారిడీహ్ వెళ్ళి ఆ చెట్లు చూడాలనుకునేవారికి ఒక్క మాట. మధ్యాహ్నం ఎండ వాలాక వెళ్ళండి. ఆడవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళతో బయటికొచ్చే వేళ అది, ఎవరిని అడిగినా ఏ చెట్టు ఎవరిదో చెబుతారు. వెంట ఒక చెంబు ఉంచుకోండి. చివరి వరసలో ఉన్న విజయనగరం కానుగకి నా తరఫున నీళ్ళు పోయండి. పక్కనున్న మా తోటికోడలి కానుగకి అక్కర్లేదు, అది ఇప్పటికే చాలా ఎదిగింది.